గార్ల రేవు

“బండి గొలుసు గుంజినోళ్లు ఎవరో చెప్పుర్రి. లేకుంటే ఈ పిల్లను పట్టుకపోతం!”

బండికి కాపలా వచ్చిన రైల్వే పోలీసు మొగిలి గొంతు గార్ల ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడింది. అతని చేతిలో ఒక నీలం బ్యాగు పట్టీ ఉంది. ఆ పట్టీ రెండో కొసన ఇరవై మూడేళ్ల సంగీత ఉంది. ఇద్దరిలో ఎవరూ వదలడం లేదు.

“బ్యాగు ఇడువన్నా. అండ్ల నా కొలువు కాగితాలున్నయ్.”

“కేసు రాసినంక చూద్దాం నీ కొలువు.”

ఎస్-6 పెట్టె మొత్తం కిటికీలకు అతుక్కుపోయి చూస్తోంది. సగం మంది అప్పటికే కిందికి దిగారు.

పన్నెండు నిమిషాలు. అంతా ఆ పన్నెండు నిమిషాల్లోనే జరిగింది. ఈ ఎక్స్‌ప్రెస్ గార్లలో ఆగదు. ఎవరో గొలుసు లాగారు, ఆగింది. గార్డు వచ్చి దాన్ని సరిచేసి పచ్చజెండా తీసేలోపల అవతల డోర్నకల్ దగ్గర నాలుగు వందల మంది జై తెలంగాణ అంటూ పట్టాల మీద కూర్చున్నారు. గొలుసు లాగకపోతే బండి ఈపాటికి డోర్నకల్ దాటి పోయేది. రెండు వేల పదకొండు మార్చి నెల అది. ఆ రోజుల్లో పట్టాల మీద కూర్చున్న జనం ఎప్పుడు లేస్తారో ఏ స్టేషన్ మాస్టరూ చెప్పలేడు.

మొగిలి దగ్గర లెక్క సిద్ధంగా ఉంది.

“ఈడ గొలుసు గుంజుడు, ఆడ పట్టాల మీద కూసునుడు. ప్లాను గాదా గిది? బండి ఆగంగనే దుంకింది ఈమెనే. చున్నీకి జై తెలంగాణ బిళ్ల ఉన్నది. తండా ఈడనే. ఇంకేం గావాలె?”

మహబూబాబాద్ నుంచి పోలీసు జీపు బయలుదేరింది. సంగీత సోమవారం పొద్దున పది గంటలకు భూపాలపల్లి సర్కారు దవాఖానలో నర్సుగా చేరాలి. రైలును ఆపించిన కేసు నెత్తిన పడితే ఆ కొలువు చేరకముందే పోతుంది. ఈ సంగతి మొగిలికి తెలుసు. సంగీతకు తెలుసు. అందుకే ఆ పట్టీని ఆమె అంత గట్టిగా పట్టుకుంది.

ఎస్-6లోంచి దిగిన ఉపేందర్ సేటుకూ తెలుసు. అయితే ఆయన తలలో ఇంకో గడియారం కూడా నడుస్తోంది. రేపు సాయంత్రం ఐదింటికి కొచ్చిలో ఆయన ఎక్కాల్సిన ఓడ.

జనగామలో ఇనుప సామాను టోకు వ్యాపారం ఆయనది. పద్నాలుగేళ్ల కిందట ఒక పైపుల కంపెనీ, టార్గెట్ దాటిన డీలర్లందరినీ తీసుకెళ్లి సింగపూర్‌లో విహార ఓడ ఎక్కించింది. ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ దిగలేదు. తొమ్మిది ప్రయాణాలు, ముప్పై ఒక్క రేవులు. ఓడకు లక్షలు పోసే మనిషి రైలుకు మాత్రం స్లీపరే కొంటాడు. “రైల్ల పండుడే గదా” అంటాడు. పండడు. మాట్లాడతాడు.

ఈ రోజూ అంతే. భార్య లీలావతిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తను పక్క సీట్లలోకి పోయి, వరంగల్‌లో ఎక్కిన సుశీల టీచరు ఎదుట కొలువు తీరాడు.

“టీచరమ్మా, ఓడల గది నడిమిట్ల తీస్కోవాలె. ముందట, ఎనుక ఊపుతది. కిటికీ లేకున్నా ఫికరు లేదు, సముద్రం చూడనీకి పైన బోలెడు జాగ. మొదటి రోజు బఫే కాడ ఆగం గావొద్దు. అందరు పల్లాలు నింపుతరు, పొద్దుగూకంగనే అందరు కక్కుతరు. మనం పెరుగన్నం. తొక్కు సీసా మనదే ఉండాలె. కుక్కరు మాత్రం తీస్కపోవొద్దు, గేటు కాడనే గుంజుకుంటరు. మాయి రెండు పోయినయ్.”

“రెండోది ఎందుకు తీస్కపోయిన్రు సేటూ?”

“మొదటిది దొరికింది గదా, రెండోది దొరకదనుకున్న.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకు ఊపొచ్చింది.

“ఇగ రేవుల దిగినప్పుడు ఓడోళ్లు తిప్పే బస్సు ఎక్కొద్దు. గొర్లను తోలినట్టు తోల్తరు, దుకాండ్ల ముంగట ఆపుతరు. గేటు దాటాలె, టాక్సీలోళ్లను దాటాలె, రెండు వందల అడుగులు నడవాలె. అసలు ఊరు ఆడ మొదలైతది. హమాలీలు యాడ తింటే ఆడ తినాలె. ఓడ కదిలే టైముకు గంట ముందుగాల తిరిగొచ్చి పడాలె. మలేసియా పినాంగుల ఏమైందంటే...”

“ఇన్ని ఊర్లు తిరిగిన్రు. అమ్మది ఏ ఊరు?” అని అడిగింది సుశీల, కిటికీ దగ్గరి లీలావతిని చూస్తూ.

“గీ దార్లనే. గార్ల. ఏముందాడ, బండి గూడ ఆగది. ఆఁ, పినాంగుల...”

పినాంగు కథ సగంలో ఉండగా చక్రాలు కీచుమన్నాయి.

ఇప్పుడు ఆయన ప్లాట్‌ఫారం మీద, మొగిలికి సంగీతకు మధ్య నిలబడి ఉన్నాడు. ఓడలో ఇలాంటివి చూశాడు. ఒకసారి ఒకావిడ నగల సంచి పోతే తెల్లారేలోపల దొరకబట్టారు. ఎవరు ఎక్కడున్నారు, ఎప్పుడున్నారు. అంతే కదా అడగాల్సింది.

“బిడ్డా, బండి ఆగకముందు నువ్వు తలుపు కాడ ఎందుకు నిలబడ్డవు?”

“మా యాడి కోసం. మా అమ్మ కోసం సేటూ. నేను గీ బండికి వచ్చినప్పుడల్లా రైలుగేటు కాడికొచ్చి నిలబడ్తది. నేను తలుపు కాడికెల్లి చెయ్యి ఊపుత. ఆ ఎనుక డోర్నకల్‌ల దిగి ఆటోల ఇంటికి పోత. గియ్యాల బండే ఆగింది. మా అమ్మ ముంగట బండి ఆగితె దుంకకుంట ఉంటనా?”

“కతలు” అన్నాడు మొగిలి. “గొలుసు ఎర్ర పిడి పెట్టె నడిమిట్ల ఉన్నది. తలుపు కాడికి పొయ్యేటోళ్లు దాని పక్క నుంచే పోతరు. పోంగ పోంగ గుంజింది.”

“చూసినోళ్లున్నరా?”

“నువ్వే చెప్పు సేటూ. నీ పెట్టెనే గదా.”

ఉపేందర్ సుశీల వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. “మేమందరం పినాంగుల ఉన్నం సేటూ.”

వెనక నుంచి లీలావతి భర్త మోచేతిని తాకింది. “ఇగో, జర ఇనుర్రి...”

“ఆగు లీలా, మాట్లాడుతున్న గదా. మొగిలీ, సాక్షి లేకుంట కేసు ఎట్ల రాస్తవు?”

“నీ ఓడ కతలు నేను గూడ ఇన్న సేటూ. నీ ఓడ నీళ్ల మీద నడుస్తది, నా బండి పట్టాల మీద నడుస్తది. నా పని నన్ను చెయ్యనియ్యి. పొయ్యి కూసో.”

“జర నా మాట...” అంది లీలావతి మళ్లీ.

“ఒక్క నిమిషం లీలా!”

ఆమె నిమిషం ఆగలేదు. భర్తను దాటుకుని మొగిలి ముందుకు వచ్చింది. “ఈ పిల్ల గుంజలే. దీని తల్లి రైలుగేటు కాడ ఉన్నదట. పొయ్యి తీస్కొస్తం. పది నిమిషాలు. జీపు వచ్చినా ఆపు బిడ్డా.” తర్వాత ఉపేందర్ వైపు తిరిగింది. “మీరు గూడ రండి.”

నలభై ఒక్క ఏళ్ల సంసారంలో ఆమె ఆ గొంతుతో రమ్మనడం ఆయన వినలేదు. నోరు మూసుకుని వెంట నడిచాడు.

స్టేషన్ గేటు దాటారు. ఆటోలవాళ్లను దాటారు. ఆయనకు అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలైంది. ముప్పై, నలభై. ఏదో తేడాగా ఉంది. డెబ్బైకి వచ్చాక అర్థమైంది. తన ముందు లీలావతి వీపు కనపడుతోంది. ఏ రేవులోనూ ఆయన ఆమె వీపు చూడలేదు. ఎప్పుడూ ఆమే నీళ్ల సీసా పట్టుకుని నాలుగడుగులు వెనక వచ్చేది.

కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు ఆయన తుమ్మాడు. ఆమె నవ్వింది.

“మేం ఊరు ఇడిసేదాక, నాకు పదమూడేండ్లు వచ్చేదాక గీ తుమ్ములే. మా నాయిన కొట్టు గదిగో, గిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నరు. ఆ పక్క సందుల మా బడి. కొలంబోల సుట్ట పొగాకు అమ్మే సందు చూసి, గిది మా గార్ల లెక్కనే ఉన్నదని అంటి. యాదికున్నదా? నవ్విన్రు.”

గుర్తుంది. కొలంబోలో నవ్వాడు. పినాంగు చేపల బజారులో ఆమె మళ్లీ అదే మాట అంటే అప్పుడూ నవ్వాడు. ముప్పై ఒక్క ఊళ్లను ఈమె దేనితో పోల్చి చూసిందో ఆ ఊరు ఇదిగో, ఇప్పుడు కళ్లముందు ఉంది. దుకాణాల అరుగులు, ఎర్రటి కళ్లాలు, చాయ్ బండి దగ్గర గోనెసంచుల మీద కూర్చున్న హమాలీలు. బండి మీద మిర్చీలు వేగుతున్నాయి. వేరే ఏ దేశమైనా అయితే ఆయన ఇక్కడే ఆగి తినేవాడు.

రైలుగేటు దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. లీలావతి కొంగు ఎత్తిపట్టి దాటింది. అప్పుడు కనపడ్డాయి ఆయనకు ఆమె కాళ్లు.

తెల్ల బూట్లు.

ఇంట్లో, రైల్లో, ఓడ మీద ఆమెకు చెప్పులే. ఆ బూట్లు రేవులో దిగే రోజు కోసం సంచి అడుగున ఉంటాయి. నడుము నొప్పితో ఆమె వంగలేదు. అందుకని రేవు వచ్చిన ప్రతి పొద్దునా, మంచానికి గోడకు మధ్య ఉన్న ఇరుకులో మోకాళ్ల మీద కూర్చుని, ఉపేందరే లేసులు కడతాడు. ఓడ మీది బతుకు గురించి ఆయన ఎవరికీ చెప్పని సంగతి అదొక్కటే.

ఈ రోజు ఆ లేసులు ఆయన కట్టలేదు. వంకరగా ఉన్నాయి. కుడికాలిది వదులు. ఎడమకాలికి రెండు ముళ్లు. ఆ నడుముతో అలా కట్టుకోవాలంటే ఎంత లేదన్నా ఐదు నిమిషాలు పడుతుంది. కానీ బండి ఆగిన అర నిమిషంలో ఆమె తన వెనకే దిగింది. బూట్లతోనే దిగింది.

అంటే ఆగకముందే కట్టుకుంది. ఆగదని తెలిసిన ఊళ్లో దిగడానికి సిద్ధంగా కూర్చుంది.

 ఉపేందర్ రోడ్డు మధ్యలోనే మోకాళ్ల మీద కూర్చుని ఆ ముళ్లు విప్పబోయాడు. ఆటోవాడు హారన్ కొట్టి పక్క నుంచి పోయాడు.

“ఏది బిగుసుకున్నది?”

“ఎడమది.”

సరిచేసి కట్టాడు. తల ఎత్తకుండానే అడిగాడు. “ఎప్పుడు తొడిగినవు లీలా?”

“మీరు ‘ఏముందాడ’ అన్నంక.”

ఆయన లేవలేదు. కుడికాలి లేసు కూడా మొదటి నుంచి కట్టాడు.

“డోర్నకల్‌ల కూసుంటరని నాకేం ఎరుక” అంది ఆమె. “ఓడ పోతది గదా.”

“పోనీ.”

“పోలీసుకు చెప్తే మీకు కోపమొస్తదని ముందుగాల మీకే చెప్దామనుకున్న. రెండుసార్లు ఆగుమన్నరు.”

“ఆగుమన్న” అని ఒప్పుకున్నాడు ఉపేందర్. ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. “నడువు. ఆ పిల్ల తల్లి యాడుందో చూద్దాం.”

సంగీత తల్లి రామి గేటుకు ఆనుకుని ఉంది. గుడ్డలో కట్టిన టిఫిను డబ్బా ఇంకా పొట్టకు అదుముకునే ఉంది. బండి ఎందుకు ఆగిందో, బిడ్డ ఇంకా ఎందుకు రాలేదో ఆమెకు తెలియదు. లీలావతి చెప్పింది. రామి సగం విని పరుగు లంకించుకోబోయి, ఆగి, ఆమె మొహంలోకి చూసింది.

“నువ్వు వీరమల్లయ్య సావుకారి బిడ్డవు గాదూ? మా అమ్మ మీ కొట్టుల మిరపకాయ ఏరేది. నువ్వు నాకు బెల్లం పెడ్తుంటివి.”

లీలావతి నవ్వింది. రామి భుజం మీద చెయ్యి వేసి తల ఊపింది. ఆ నవ్వు ఉపేందర్ ముప్పై ఒక్క రేవుల్లో ఎక్కడా చూడలేదు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి జీపు వచ్చేసింది. మొగిలి కాగితం తీశాడు. సంగీత బ్యాగు ఇప్పుడు జీపు సీటు మీద ఉంది. తల్లిని చూడగానే అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఆ పిల్లకు ఒక్కసారిగా వచ్చేసింది.

“యాడీ!”

ఉపేందర్ గొంతు సవరించుకున్నాడు. ముసలివాళ్లెవరైనా లాగారంటే జరిమానాతో పోతుంది. ఈ పిల్ల పేరు రాస్తే బతుకే పోతుంది. ఇక లీలను పదిమంది ముందు నిలబెట్టడం, అది తన వల్ల కాదు.

“మొగిలీ, రాస్కో. గొలుసు గుంజింది నేనే.”

మొగిలి కలం ఆగింది.

“నువ్వా? ఎందుకు సేటూ?”

“ఎందుకంటే... ఈ ఊరు చూద్దామని.”

“ఇన్నేండ్ల సంది లేనిది?”

“ఇన్నేండ్ల సంది లేదు గనుకనే.”

“చేతులు యాడున్నయ్ సేటూ అప్పుడు?” కిటికీలోంచి సుశీల టీచరు అడిగింది. పాపం, ఆమె మంచికే అడిగింది. “పినాంగుల ఓడ పోతుంటే ఎట్ల ఉరికిన్రో రెండు చేతులూపి చూపిస్తున్నరు గదా మాకు. పెట్టెంత చూసింది.”

పెట్టె మొత్తం అవునంది. ఎవరో నవ్వారు. మొగిలి నవ్వలేదు. కాగితం మీద సంగీత పేరు దగ్గరికే మళ్లీ కలం పోయింది.

“పెద్ద మనిషివి సేటూ, అబద్ధం ఎందుకు...”

అప్పుడు లీలావతి ముందుకు వచ్చింది. ఈసారి భర్త ఆగమనలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

“ఆయన గుంజలే” అంది ఆమె. “గార్ల ఎప్పుడొస్తదో గూడ ఆయనకు తెల్వది. ఆ పిల్ల పేరు కొట్టెయ్యి బిడ్డా. రాస్కో. గొలుసు గుంజింది నేను. లీలావతిని. గార్ల మిరపకాయల వీరమల్లయ్య బిడ్డను.”