ఎండ మోటరు

మొత్తం నలభై ఎనిమిది అద్దాలు. నాలుగు వరుసలు, వరుసకు పన్నెండు. వాటి మీద ఎండ పడితే కరెంటు పుట్టేది. ఆ కరెంటుతో బావిలో మోటరు తిరిగి నీళ్లు తొట్టిలో పడేవి. డీజిల్ లేదు, చప్పుడు లేదు. అద్దాలు తుడవడం భోజన్న పని. మీటరులో సూది ఎక్కడ నిలబడిందో చూసి పుస్తకంలో రాయడం నా పని. నేను ఏడో తరగతి దాకా చదివాను, భోజన్న బడి ముఖం చూడలేదు. మా ఇద్దరి ఉద్యోగాలకూ తేడా అంతే.

సౌదీలో జుబైల్ నుంచి ఎడారి లోపలికి రెండు గంటలు లారీలో పోతే మా తావు వచ్చేది. ఒక పోర్టా క్యాబిన్, బావి, తొట్టి, కంచె. చుట్టూ కనుచూపు మేర సర్కారు భూమి. ఎవరి పేరనా లేదు. ఎడారిలో తిరిగే బదూలు ఒంటెలను, గొర్రెలను మేపుకుంటారు. అబూ సాలిం అనే ముసలాయన రెండు రోజులకొకసారి మందను తోలుకొచ్చి తొట్టి దగ్గర నీళ్లు తాపేవాడు. ఆయన భోజన్నను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. దూరం నుంచే "యా షంసీ!" అని కేకేసేవాడు. షమ్స్ అంటే వాళ్ల భాషలో సూర్యుడు.

"నన్ను సూర్యుని కొలువుకాన్ని జేసిండు ముసలోడు," అని భోజన్న నవ్వేవాడు.

కంపెనీ ఆ మోటరును ఏడాది పరీక్షకు పెట్టింది. తొంభైలో జూన్ నెలలో మొదలు, తొంభై ఒకటి జూన్‌కు ఆఖరు. మధ్యలో, అక్టోబరులో, రెండు కార్లలో మనుషులు వచ్చారు. ఒకరు సర్కారు ఆఫీసరు. ఒకరు మా కంపెనీ ఇంజనీరు, తెల్లవాడు. మేము గోరా సార్ అనేవాళ్లం. మూడో ఆయన లావుగా ఉన్నాడు, సంచిలో నల్లని పలక రాళ్లు తెచ్చుకున్నాడు. వాళ్ల వెంట ఉదయకిరణ్ సార్. ఆయనది రాజమండ్రి. అల్ ఖోబర్ ఆఫీసులో పని, కాపురం అజీజియాలో. మాకూ కంపెనీకీ మధ్య మాట నడిపేది ఆయనే.

నీడలో కూర్చొని చాలాసేపు వాదించుకున్నారు. భోజన్న మూడుసార్లు చాయ్ పోశాడు. కార్లెక్కే ముందు ఉదయకిరణ్ సార్ మాకు చెప్పాడు.

"ఆ లావుపాటాయన రాయి కంపెనీ మనిషి. ఈ నేల కింద ఉన్న రాయిలో నూనె పట్టి ఉందంట. తవ్వి, కాల్చి, నూనె తీస్తాడంట. గవర్నమెంటు భూమే కదా, గొర్రెలకూ అద్దాలకూ వదిలెయ్యడం దేనికి, మాకివ్వండి అంటాడు. మన గోరా ఏమో, నూనె ఏదో ఒకరోజు అయిపోతుంది, ఎండ అయిపోదు, ఈ జాగా మాకుంచండి, ఇలాంటివి వంద పెడతాం అంటాడు."

"మల్ల సర్కారాయన ఏమన్నడు సార్?" అని భోజన్న అడిగాడు.

"జూన్ దాకా రీడింగ్స్ చూసి డిసైడ్ చేస్తాడంట."

భోజన్న మళ్లీ అడిగాడు. "గిది పాసైతే మా ఊరికొస్తదా సార్?"

"ఎందుకు రాదూ? పదేళ్లలో మీ జగిత్యాల దాకా వస్తుంది, చూస్తూ ఉండు."

సార్ ఆ మాటను మామూలుగానే అన్నాడు. భోజన్న మాత్రం ఆ రోజంతా దాన్నే తలచుకున్నాడు. ఎందుకో నాకు తెలుసు. మా వైపు పొలాలకు కరెంటు రాత్రుళ్లే ఇచ్చేవాళ్లు. భోజన్న తమ్ముడు నాగేందర్ మడికి నీళ్లు పెట్టబోయి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకొని, అక్కడే పడిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. మరుసటి ఏడు భోజన్న సౌదీకి వచ్చాడు. పగటిపూట తనంతట తానే తిరిగే మోటరు, చెయ్యి పెట్టే పనే లేని మోటరు భూమ్మీద ఒకటుందని ఆయన ఇక్కడే చూశాడు.

నన్ను ఆయన తమ్మీ అని పిలిచేవాడు.

జనవరిలో యుద్ధం మొదలైంది. గోరా సార్ తన దేశం వెళ్లిపోయాడు. ఉదయకిరణ్ సార్ భార్యాపిల్లల్ని ఇండియాకు పంపి, తాను రియాద్ వైపు పోయాడు. మా పాస్‌పోర్టులు మమ్మల్ని పనికి రప్పించుకున్న కఫీల్ దగ్గరున్నాయి. మేము ఉండిపోయాం. పదిహేను రోజులకోసారి లారీ వచ్చి బియ్యం, ఉల్లిగడ్డలు దించి పోయేది. అంతకు మించి మమ్మల్ని అడిగినవాళ్లు లేరు.

ఫిబ్రవరి నెలాఖరుకు కువైట్‌లో నూనె బావులు తగలబడ్డాయి. ఉత్తరం దిక్కున ఆకాశం నల్లబడి, ఆ నలుపు మెల్లగా మా మీదికి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు క్యాబిన్‌లో బ్యాటరీ బుగ్గ వేసుకొని అన్నం తిన్నాం. ఒకరోజు వాన పడింది. చేతి మీద పడిన చుక్క నల్లగా జారింది. అబూ సాలిం తెల్ల గొర్రెలు నల్ల గొర్రెలయ్యాయి. ఆయన ఒక గొర్రె వీపు మీద వేలితో రాసి మాకు చూపించాడు.

అద్దాల మీద మసి పేరుకుంది. మామూలు దుమ్ము కాదు, జిడ్డు. నీళ్లు పోస్తే నిలవవు. బట్టతో తుడిస్తే ఇంకా పులుముకుంటుంది. ఉన్న సబ్బులు వారంలో అయిపోయాయి. ముప్పై మీదుండే సూది పదకొండుకు పడింది. తొట్టిలోకి నీళ్లు సన్నటి ధారగా వస్తుంటే ఒంటెలు మెడలు చాచి నిలబడేవి.

సబ్బులు అయిపోయిన మూడో రోజు భోజన్న అన్నాడు. "అన్నం గిన్నెకు పట్టిన మసి ఎట్ల పోతదిరా? బూడిద వెట్టి పీచుతోని రుద్దుతరు."

"గివి గిన్నెలు గావే అన్నా. బట్ట, నీళ్లు తప్ప ఏం వెట్టొద్దని కంపెనీ ఇచ్చిన కాయితంల రాసున్నది."

"ఆ కాయితం రాసినోనికి గీ మసి ఎర్కనా? కందిలి చిమ్నీ గూడ అద్దమే గద. మా అవ్వ బూడిదతోనే తోముతుండె. ఎట్ల మెరుస్తుండె!"

అది నిజమే. మా ఇంట్లోనూ అట్లాగే తోమేవాళ్లు. 

మేము వండేది గ్యాస్ మీద. బూడిద ఎక్కడిది? అట్టపెట్టెలు కాల్చి చేసిన బూడిద రెండు రోజులకే అయిపోయింది. అప్పుడు భోజన్న తల రుమాలు విప్పాడు. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను పట్టుకున్నాను. దాంట్లో ఇసుక పోసి జల్లించాం. పిండి లాంటి ఇసుక కిందికి రాలింది. గోనె పట్టా ముక్కను తడిపి, ఆ ఇసుక అద్ది, ఒక్కో అద్దాన్నీ గుండ్రంగా రుద్దుకుంటూ పోయాడు. సాయంత్రానికి మసి పోయింది. మరునాడు మధ్యాహ్నం సూది ఇరవై నాలుగుకు లేచింది.

"సూడు తమ్మీ!" అని కేకేసి, తొట్టిలోంచి దోసెడు నీళ్లు నా మీద చల్లాడు. ఆయన అట్లా పిల్లవాడిలాగ నవ్వడం నేను అదొక్కసారే చూశాను.

రోజూ మసి పడేది. రోజూ రుద్దేవాడు. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. వేళ్ల చివర్లు పగిలితే గుడ్డపేలికలు చుట్టుకొని రుద్దాడు. సూది మాత్రం మెల్లమెల్లగా దిగింది. ఇరవై, పద్దెనిమిది, పదహారు. "పొగకు ఎండ తగులుతలేదు," అనేవాడు.

ఏప్రిల్ ఆఖర్లో గాలి మళ్లి, వారం రోజులు ఆకాశం తెల్లగా కడిగినట్టుంది. ఎండ నెత్తి మాడ్చింది. సూది పదహారు దగ్గరే ఉంది. నేను ఒక అద్దం మీదికి వంగి చూశాను. ఇదివరకు నా ముఖం కనబడేది. ఆ రోజు కనబడలేదు. అద్దం నిండా పాలు కలిపిన నీళ్ల మాదిరి మసక, దగ్గరగా చూస్తే సన్నటి గీతలు. నాకు ఆ క్షణమే అర్థమైంది. తలెత్తి చూస్తే భోజన్న మూడో వరుసలో రుద్దుతున్నాడు. నేను క్యాబిన్‌లోకి పోయి పుస్తకంలో పదహారు అని రాశాను.

మే నెలలో గోరా సార్, ఉదయకిరణ్ సార్ వచ్చారు. గోరా సార్ టోపీ తీసి అద్దాల మీదికి ఒంగి, అటూ ఇటూ తల తిప్పి చూశాడు. ఉదయకిరణ్ సార్ నన్ను పిలిచాడు.

"హన్మాండ్లూ, వీటిని దేంతో క్లీన్ చేశారు?"

"బట్టతోని సార్. నీళ్లతోని."

"మరి ఈ గీతలేంటి?"

"ఇసుక గాలి సార్. మస్తు కొట్టింది ఈ ఏడు."

భోజన్న పది అడుగుల దూరంలో బకెట్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. సార్ నా మాటను ఇంగ్లీషులో చెప్పాడు, గోరా సార్ రాసుకున్నాడు. ఆ కాగితం కింద నాతో సంతకం పెట్టించారు. వాళ్లు క్యాబిన్‌లో అన్నం తింటున్నప్పుడు భోజన్న నన్ను తొట్టి వెనక్కి తీసుకుపోయాడు.

"గట్లెందుకు జెప్పినవ్?"

"నిజం జెప్తే నిన్ను పంపిస్తరే అన్నా. ఇసుక జల్లించినందుకు నన్ను గూడ."

"పంపితే పంపనీ. తప్పు నా చేతులది. నువ్వు గాలిది అంటివి. అంటే ఏందన్నట్టు? గీ దేశంల, గీ ఎండల, గీ మోటరు నిలవదని రాసుకపోతరు. ఇంక మనూరికి ఏమొస్తదిరా?"

 ఆయన తిన్నగా ఉదయకిరణ్ సార్ దగ్గరికి పోయాడు. ఆయన మాట తొందరలో ఇంకా చిక్కబడింది, సార్‌కు సగం అర్థం కాలేదు. నేల మీది ఇసుక పిడికెడు తీసి, అరచేతిలో వేసుకొని, గాలిలో గుండ్రంగా రుద్ది చూపించాడు. "నేనే సార్. గాలి గాదు. నేను రుద్దిన. కొత్తయి ఒక నాలుగు తెప్పియ్యున్రి, ఉట్టి బట్టతోని తుడుస్త, మల్ల సూడున్రి."

సార్ నా వైపు తిరిగాడు. "ఏంటయ్యా ఇది? ఇతను చెప్పేది నిజమా?"

కాగితం మీద నా సంతకం ఉంది. వచ్చే నెల నా ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, మార్చాలి. ఈయనను కాపాడుతున్నాననే అనుకున్నాను. ఇన్ని ఉన్నా, నోట్లోంచి అట్లాంటి మాట వస్తుందని నాకే తెలియదు.

"ఆయనకు మొన్న ఎండ దెబ్బ తగిలింది సార్. అప్పటి సంది ఏదో ఒకటి అంటున్నడు."

భోజన్న నన్ను చూశాడు. చేతిలోని ఇసుకను కింద పోసేసి, బకెట్ తీసుకొని, అద్దాల వైపు వెళ్లిపోయాడు.

"పాపం, పెద్దవాడు," అన్నాడు సార్. "ఇంటికి పంపించేద్దాం. రెస్ట్ తీసుకుంటాడు."

ఆయన్ను కాపాడడానికి ఆడిన అబద్ధం అట్లా అయింది. జూన్ మొదటి వారానికి ఆయన పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించారు. లారీ దాకా ఆయన సంచి నేను మోసుకుపోబోతే నా చేతిలోంచి తీసుకున్నాడు. మనవాళ్లు ఎక్కడికి బయలుదేరినా పోయొస్త అంటారు. ఆయన "పోత, హన్మాండ్లు" అన్నాడు.

అద్దాలను ఊడదీసి ఖోబర్‌లో ఏదో గోదాముకు పంపారు. ఆ జాగాను రాయి కంపెనీకి ఇచ్చారు. నన్నే అక్కడ కాపలాకు ఉంచారు. పెద్ద యంత్రాలొచ్చి నేలను తోడాయి. మొదటి వారం అబూ సాలిం మందతో వచ్చాడు. కొత్త డీజిల్ మోటరు చప్పుడుకు ఒంటెలు తొట్టి దగ్గరికి రాలేదు. "షంసీ వేన్?" అని అడిగాడు. షంసీ ఏడి అని. హింద్ అని చెప్పి, విమానం పోయినట్టు చెయ్యి చూపించాను. రెండో ఏటికి బావి నీళ్లు వాసన పట్టాయి. ముసలాయన రావడం మానేశాడు. మూడో ఏట రాయి కంపెనీ కూడా పోయింది. అమ్మితే వచ్చే దానికంటే తీసే ఖర్చే ఎక్కువని అన్నారు. గుంటలు మిగిలాయి. నేను రాస్ తనూరాకు పోయి ట్యాంకులకు తుప్పు గీకే పనిలో చేరాను.

తొంభై ఏడులో ఒక శుక్రవారం, అజీజియాలో కేరళ వాళ్ల కూరగాయల దుకాణంలో ఉదయకిరణ్ సార్ కనబడ్డాడు. గోంగూర కట్టలు ఏరుతున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను గుర్తు పట్టి పలకరించాడు. ఏవేవో మాట్లాడాక నేను ఆరేళ్లు మోసిన మాట చెప్పేశాను.

"సార్, ఆనాడు నేను అబద్ధం జెప్పిన. భోజన్న జెప్పిందే నిజం."

ఆయన గోంగూర కట్ట పక్కన పెట్టాడు. "తెలుసు హన్మాండ్లూ. గాలి కొడితే గీతలు ఒకవైపే పడతాయి. అవి గుండ్రంగా ఉన్నాయి, చెయ్యి తిరిగినట్టు. గోరాయే ముందు చూశాడు."

"మరి గాలి అని ఎట్ల రాసిండ్రు సార్?"

"తుడిచినవాడి తప్పని రాస్తే కొత్త ప్యానెల్స్ తెప్పించి మళ్లీ ఏడాది టెస్ట్ పెట్టాలి. యుద్ధం అయిపోయాక ఎవరికి కావాలయ్యా అది? అందరికీ నూనే కావాలి. మూసెయ్యడానికి ఒక రీజన్ కావాల్సొచ్చింది, నువ్వు సంతకం పెట్టి మరీ ఇచ్చావు." నా భుజం తట్టాడు. "పాత సంగతి. వదిలెయ్."

అక్కడి నుంచి తిన్నగా టెలిఫోన్ క్యాబిన్‌కు పోయాను. మా ఊళ్లో ఫోను ముత్యవ్వ దుకాణంలో ఉంది. భోజన్నను పిలవమని చెప్పి, పావుగంట ఆగి మళ్లీ చేశాను.

"అన్నా, నేను హన్మాండ్లును."

"చెప్పు."

సార్ చెప్పిందంతా చెప్పాను. గబగబా, ఎక్కడా ఆగకుండా చెప్పాను. "ఆల్లు ముందుగాల్నే సూసిండ్రట అన్నా. నీ చేతుల తప్పు గాదు. ఎట్లున్నా మూస్తుండిరి."

 అటువైపు దుకాణంలో ఎవరో చాయపత్తి అడుగుతున్నారు.

"మా ఇంటెనుక రమేష్ పోయిండు మొన్న," అన్నాడు భోజన్న. "మా నాగేందర్ తీర్గనే. స్టార్టర్ కాడ."

"అయ్యో."

"ఆల్లు సూసిండ్రు అంటున్నవ్. నువ్వు గూడ సూసినవు గద. ఆనాడు అద్దం మీదికి ఒంగినవ్, నేను సూసిన. ఏదో జెప్తవనుకున్న. లోపటికి పోయినవ్."

 ఆయన ఫోను పెట్టెయ్యలేదు. ఆయన ఊపిరి వినబడుతోంది. నా వెనుక వరుసలో ఉన్న పాకిస్తానీ భుజం మీద తట్టి, "ఖలాస్, భాయ్?" అన్నాడు. ఇంకా కాలేదని చెయ్యి ఊపి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.