పసుపు ఆరని గడప

నేను ఒక గడపను. మద్దికర్రతో చేసిన మామూలు వీధిగడపను. ఇప్పుడు పాత కలప అడితిలో విరిగిన తలుపుల కింద పడి ఉన్నాను. ఒకప్పుడు మాత్రం నన్ను లక్ష్మీదేవి అనేవారు. నా మీద కూర్చోకూడదనీ, నా మీద నిలబడి తుమ్మకూడదనీ పిల్లలకు చెప్పేవారు. చెప్పినవాళ్లే సాయంత్రమయ్యేసరికి నా మీద చతికిలబడి చిక్కుడుకాయల ఈనెలు తీసుకునేవారు. మనుషుల భక్తి అలాగే ఉంటుంది, నాకేమీ కోపం లేదు.

సూర్రావు ఇల్లు కట్టుకుంటూ నన్ను చేయించాడు. ద్వారబంధం నిలబెట్టిన రోజున నా కింద నవధాన్యాలు పోశారు. అతని భార్య మంగతాయారు నాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మురిసిపోతూ చూసుకుంది. ఆ తర్వాత ఏ శుక్రవారమూ ఆవిడ నన్ను మరిచిపోలేదు.

సూర్రావుకి రొయ్యల చెరువు మీద ఆశ పుట్టింది. ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టాడు. తెగులు తగిలి రొయ్యలు చచ్చి గట్టుకు చేరాయి. బ్యాంకువాళ్లు సామాను వీధిలో పెట్టించి, తలుపుకి తాళం వేసి, ఈ ఆస్తి తమ స్వాధీనమని గోడ మీద ఎర్రరంగుతో రాయించారు. వేలం వేస్తే కొనేవాడు రాలేదు. మొగుడూ పెళ్లాలు వెనకవీధిలో ఒంటిగది అద్దెకు తీసుకున్నారు. ఇల్లు అలా పడి ఉంది.

శుక్రవారం తెల్లారేసరికి మంగతాయారు మళ్లీ నా ముందుంది. కుళాయి కట్టేశారు కదా, పక్కింటి భ్రమరాంబ పిట్టగోడ మీంచి బకెట్టుతో నీళ్లు అందించింది.

"తాళం ఆళ్లదైతే ఆళ్లదే వదినా. గడప బోసిపోకుండా చూసుకుంటే ఇల్లు ఎప్పటికైనా మా చేతికొత్తది" అంది మంగతాయారు.

ఆవిడకు మిగిలిన ఆశ అంతా నేనే. నన్ను కడిగి, పసుపు రాసి, వాకిట్లో ముగ్గేసి వెళ్లేది. దారినపోయేవాళ్లు ఆగి ఎర్ర అక్షరాలు చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయి, ఒకనాడు సున్నం తెచ్చి గోడంతా పూసేసింది.

ఆ ఏడు వానలకు ముందు మునిసిపాలిటీ ఒక నిబంధన పెట్టింది. ఖాళీగా పడి ఉన్న ఇళ్లు, బ్యాంకులు తీసుకున్నవాటితో సహా, గుర్తించి, ఖాళీ ఇల్లని బోర్డు కొట్టాలి. ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లే తుప్పలు నరికించి, నీళ్ల తొట్లు తోడించాలి. మనుషులు అరుదుగా చేసే తెలివైన పనుల్లో అదొకటి. మా వార్డు చూడటానికి శానిటరీ మేస్త్రీ యేసుదాసు వచ్చాడు.

"ఒరేయ్, పసుపు తొక్కకండ్రా" అని వెంట ఉన్నవాళ్లను వాకిట్లోనే ఆపేశాడు. గడపకి తడి పసుపు, వాకిట్లో ముగ్గు, గోడకి కొత్త సున్నం. తాళం వేసుకుని పనికి పోయి ఉంటారనుకున్నాడు. అయినా పక్కింట్లో అడిగాడు.

పసుపు రాసిన ఇంటిని ఖాళీ అనడానికి భ్రమరాంబకు నోరు రాలేదు. "మా మంగతాయారుదండీ. వత్తాపోతా ఉంటాది" అంది. అబద్ధమేమీ కాదు. యేసుదాసు నన్ను దాటకుండానే, ఇంట్లో మనుషులున్నారని రాసుకుని ముందుకు పోయాడు.

పెరట్లో మూత పగిలిన సిమెంటు తొట్టి ఉంది. వానలకు అది నిండింది. దోమలు ముసిరాయి. ముందుగా జ్వరాన పడింది భ్రమరాంబే. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు గానీ, ఆవిడ శవమై నా ముందు నుంచే ఇంటికి వచ్చింది.

దోమలు ఎక్కడివో వెతుక్కుంటూ యేసుదాసు మళ్లీ వచ్చాడు. పెరటి గోడ దూకి తొట్టి చూసి, తల పట్టుకున్నాడు. మంగతాయారును పిలిపించారు.

"పసుపు చూసి మనుషులున్నారనుకున్నానమ్మా" అన్నాడు. అతని గొంతులో నింద లేదు.

"ఖాళీ అని రాసుకునుంటే?"

"బ్యాంకోళ్ల చేత అప్పుడే తోడించేసేవోళ్లమమ్మా."

మంగతాయారు నా మీద కూలబడిపోయింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నా మీద కూర్చోని మనిషి.

మళ్లీ శుక్రవారం వచ్చింది. అలవాటు కొద్దీ పిట్టగోడ వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. వీధి చివరి కుళాయి నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చింది. చేతిలో పసుపు లేదు, కొబ్బరిపీచు ఉంది. నన్ను రుద్దడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి తానే పట్టించిన పసుపు. వేళ్లు చిట్లినా ఆపలేదు. నొప్పి అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, పీచు వల్ల కాదు. చివరికి పిట్టగోడ వైపు తిరిగి, అక్కడ ఎవరో ఉన్నట్టే చెప్పింది:

"వదినా, ఇది ఖాళీ ఇల్లే."

ఆ మధ్యాహ్నమే బోర్డు కొట్టారు. ఆవిడ మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు ఎవరో కొని ఇల్లు పడగొట్టించారు, నేను ఇలా వచ్చిపడ్డాను.

నిన్న ఒకాయన నన్ను తిరగేసి చూశాడు. అడితి యజమాని గోటితో గీకి, "పసుపు లోపలికి దిగిపోయిందండి, చిత్రిక పడితే పోద్ది" అన్నాడు.

పోదు. ఆవిడ ఏడుస్తూ రుద్దితేనే పోలేదు.