చాటెడు తవుడు

పుట్టిన మూడో రోజున పెంటమ్మను చాటెడు తవుడుకు అమ్మారు. కొన్నది రూతమ్మ. మిర్యాలగూడెం మిషన్ దవాఖానలో ఊడ్చి, తుడిచి, రోగులకు నీళ్ళందించే మనిషి.

పెంటమ్మ తల్లి లక్ష్మీనర్సమ్మకు అంతకుముందు పుట్టిన ఇద్దరూ గరిడేపల్లిలో చలిజ్వరాలతో పోయారు. మూడో బిడ్డ నిలవాలంటే ఆ బిడ్డ ఆమెది కాకుండా చేయాలని పెద్దలు చెప్పారు. తక్కువగా చూసే ఇంటి మనిషి చేతికి అమ్మితే మంచిదన్నారు. అందుకని మాలపేట నుంచి రూతమ్మను పిలిచారు. పసిగుడ్డును చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. రూతమ్మ వచ్చి బిడ్డను ఎత్తుకుంది. తెచ్చిన తవుడు తల్లి కొంగులో పోసింది. "ఇది నా పిల్ల. నీకు సాకనిస్తున్న, మంచిగ సాకు" అన్నది. నలుగురి ముందు ఆ మాట అనిపించడం కోసమే ఈ అమ్మకమంతా. పిల్లల్ని తీసుకుపోయేది ఏదైనా వస్తే, తల్లి దగ్గర పిల్ల లేదని చూసి తిరిగిపోతుందని నమ్మకం. ఆ తీసుకుపోయేదానికి లక్ష్మీనర్సమ్మ ఏ పేరూ పెట్టలేదు. మనసులో 'అది' అనుకునేది.

గరిడేపల్లి వదిలి మిర్యాలగూడెం రావడం కూడా ఆమె పట్టు మీదే జరిగింది. జ్వరాలు వరిమళ్ళ నీళ్ళలో ఉంటాయని ఆమె గట్టిగా అనుకుంది. ఆ మాట మరీ తప్పేమీ కాదు. భర్త మట్టయ్య ఎడ్లబండి కట్టి మిర్యాలగూడెం, కోదాడ, సూర్యాపేటల మధ్య ధాన్యం తోలే పనికి కుదిరాడు. నెలలో ఎక్కువ రోజులు దారి మీదే ఉండేవాడు. ఇంట్లో తల్లి, పిల్ల మిగిలేవాళ్ళు.

పిల్ల నిలిచింది. రూతమ్మ పండక్కో పబ్బానికో వచ్చి వాకిట్లో నిలబడి, "నా పిల్లకు తిండి పెడుతున్నవా, ఎండబెడుతున్నవా?" అనేది. "కొన్నదానివి తోలుకపోరాదు, నాకు గింజలు మిగుల్తయి" అనేది లక్ష్మీనర్సమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. రూతమ్మను ఎన్నడూ గడప లోపలికి పిలవలేదు. ఆమె రానూ లేదు.

నిజాం రాజ్యం మీదికి మిలిటరీ వచ్చిపోయిన మరుసటి ఏడు ఉర్దూ బడి తెలుగు బడి అయింది. కోదాడ నుంచి నాగయ్య పంతులు వచ్చాడు. పెంటమ్మకు అప్పటికి ఏడేళ్ళు. త్రిపురారంలో ఉన్న తన చెల్లెలి ఇంటికి పిల్లను పంపుతానని మట్టయ్య అన్నాడు. అక్కడైతే బర్లను మేపుతుంది, నాట్లకు చెయ్యి సాయమవుతుంది. నాట్లు అన్న మాట చెవిన పడగానే లక్ష్మీనర్సమ్మకు చీలమండల దాకా మళ్ళలో దిగబడి నిలుచున్న పిల్ల కనబడింది. బడిలో వేద్దామన్నది. చదువు మీద ప్రేమతో అన్న మాట కాదది. బడి ఉన్నది మెట్ట మీద, పొడినేలలో. సరే, చదివితే చదవనీ, ఊరికే ఇంట్లో కూర్చుంటే మాత్రం త్రిపురారం పోవాల్సిందేనని చెప్పి మట్టయ్య సూర్యాపేట దారి పట్టాడు.

బడిలో వేసిన రోజున పంతులు, "ఈ అమ్మాయి ఎవరి తాలూకు?" అని అడిగాడు. పది మంది పెద్దలు చుట్టూ ఉన్నారు. "నా బిడ్డ" అన్నది లక్ష్మీనర్సమ్మ. పంతులు రాసుకుంటూ ఉండగా అడగకుండానే మళ్ళీ అన్నది. ఏడేళ్ళలో ఆ మాట ఆమె నోట పైకి రాలేదు. బెల్లంముక్క చప్పరించినట్టుండింది. ఇంటికి నడుస్తూ లోలోపల ఇంకా అంటూనే ఉంది.

ఆ వారం తిరగకముందే పిల్లకు చలిజ్వరం వచ్చింది.

మధ్యాహ్నం ఒణుకు మొదలయ్యేది. ఉన్న గొంగళ్ళన్నీ కప్పినా పళ్ళు టకటకలాడేవి. తర్వాత ఒళ్ళు కాలిపోయేది. తర్వాత చెమటలు పట్టి పిల్ల పీచులాగా పడుకునేది. మరునాడు ఏమీ ఎరగనట్టు లేచి ఆడేది. ఆ మరునాడు మళ్ళీ ఒణుకు. బడికి ఒక రోజు పోతే మరునాడు పోలేకపోయేది. పోయినరోజు అక్షరాలు ఎక్కడో ముందుకు జరిగి ఉండేవి. మధ్యలో వదిలిపోయిన అక్షరాలు పిల్లకు అసలు లేనట్టే. పలక మీద ఉన్నవాటిని ఉన్నట్టు దిద్దుతూ, లేనివాటి దగ్గర చెయ్యి ఆపి, తనకు కాక మిగతా పిల్లలకు మాత్రమే వాటిని పంచిపెట్టారేమోనన్నట్టు పక్కవాళ్ళ పలకలు చూసేది.

దవాఖాన నుంచి క్వినైను గోలీలు తెచ్చింది లక్ష్మీనర్సమ్మ. మింగిన పిల్ల చెవుల్లో గుయ్యిమంటోందని ఏడ్చేది, కక్కేది. జ్వరం లేని రోజున ఆ చేదు మింగించడానికి తల్లికి మనసు ఒప్పేది కాదు. గోలీలు పొట్లంలో మిగిలేవి.

ఇంకోపక్క ఆమె మనసు తన పని తను చేసుకుపోతోంది. భయపడ్డ మనసు కారణాన్ని వెతకదు. ముందే దొరికిన కారణానికి సాక్ష్యాలు వెతుకుతుంది. ఒకరోజు బావి దగ్గర ఎవరో అడిగితే "రూతమ్మ పిల్ల" అన్నది. ఆనాడు జ్వరం రాలేదు. మరునాడు తల దువ్వుతూ మరచిపోయి "నా తల్లీ" అన్నది. మధ్యాహ్నానికి ఒణుకు వచ్చింది. మళ్ళీ చూసింది. మళ్ళీ అట్లాగే అయింది. ఎట్లా అన్నా ఒక రోజు విడిచి ఒక రోజు వచ్చే జ్వరం అది. ఆమె వేసిన ప్రతి ప్రశ్నకూ అది జవాబు చెబుతున్నట్టే ఉండేది. అమ్ముకున్నదాన్ని పది మందిలో నాదని చెప్పుకున్నాను, 'అది' విన్నది, అనుకుంది. పిల్లను బడికి పంపడం మానేసింది.

పంతులు ఇంటికి వచ్చాడు. ఒంటరి మనిషి, వంట తనే చేసుకునేవాడు. పిల్లలు రాకపోతే సాయంత్రం పూట ఇళ్ళకు వెళ్ళి అడగడం అలవాటు. బడిలో సగం మందికి ఇవే జ్వరాలనీ, ఒంట్లో బాగున్న రోజు పంపినా చాలుననీ చెప్పాడు. పరీక్ష దాకా రాకపోతే పేరు తీసేయమని పైనుంచి హుకుం ఉందట. లక్ష్మీనర్సమ్మ తవుడు సంగతి దాచకుండా చెప్పింది. రాసిన మాట కొట్టేసి, రూతమ్మ పిల్ల అని రాయమన్నది. గడప దాటేటప్పుడు కుడికాలే ముందు పెట్టే మనిషి కాబట్టి పంతులు నవ్వలేదు. రాసింది మార్చడం తన చేతిలో లేదన్నాడు. అయితే పిల్లను బడికి తీసుకొచ్చేది ఎవరైనా తనకు అభ్యంతరం లేదన్నాడు.

మరునాడు ఆమె దవాఖాన వెనక గుడ్డలు ఆరేస్తున్న రూతమ్మ దగ్గరికి వెళ్ళింది. జ్వరం సంగతి చెప్పి, పిల్లను బడికి నువ్వే తోలుకపోవాలని అడిగింది. రూతమ్మ చేతిలో గుడ్డ పిండుతూ విన్నది.

"మంచి బేరమే. ఏడేండ్లు నువ్వు ముద్దు చేసుకుంటివి. జరమొచ్చినంక నా పిల్ల అయ్యిందా?"

"నీ పిల్లనే. నువ్వే గద కొన్నది."

"మరి నా పిల్లయితె నా మాట నడవాలె." రూతమ్మ గుడ్డ దులిపి తీగ మీద వేసింది. "పొద్దున, మాపున నేనొచ్చి గోలీ మింగిస్త. జరమున్నా లేకున్నా మింగాలె. ఏడ్సినా, కక్కినా నువ్వు నడుమ రావద్దు. ఒప్పుకుంటవా?"

లక్ష్మీనర్సమ్మ ఒప్పుకుంది.

రూతమ్మ రోజూ వచ్చేది. వాకిట్లో నిలబడి పిలిచేది. పిల్ల ముక్కు పట్టుకుని గోలీ వేసి, నీళ్ళు పోసి, గొంతు కదిలేదాకా చూసి, చెయ్యి పట్టుకుని బడికి తోలుకపోయేది. వాడకట్టు ఊరికే ఉండలేదు. బిడ్డను కన్నది ఒకరు, బడికి తోలేది ఇంకొకరని ఆడవాళ్ళు మూతులు తిప్పారు. మాలపేట మనిషి చెయ్యి పట్టుకుపోయిన పిల్ల మళ్ళీ అదే చేత్తో అన్నం తింటోందా అని ఒక ముసలమ్మ అడిగింది. లక్ష్మీనర్సమ్మ వినబడనట్టు ఉండిపోయింది. ఆ మాటలు ఆమెను పెద్దగా తాకలేదు. ఆమెకు కష్టమైంది వేరే. పిల్ల వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూడకూడదని తనకు తనే నియమం పెట్టుకుంది. చూడటం కూడా నాదని చెప్పుకోవడమే కదా. అందుకని ఆ వేళకు పొయ్యి ముందు కూర్చుని, పిల్ల అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా అవసరం లేని పుల్లలు ఎగదోసేది.

జ్వరం రావాల్సిన రోజు వచ్చింది, జ్వరం రాలేదు. తర్వాతా రాలేదు. పిల్ల బుగ్గల్లో పాలిపోయిన రంగు తగ్గింది. వదిలిపోయిన అక్షరాలను పంతులు సాయంత్రాలు కూర్చోబెట్టి దిద్దించాడు. గోలీలు వరుస తప్పకుండా మింగినందువల్ల జ్వరం పోయిందని ఆయన ఒకసారి దారిలో కలిసి చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ తల ఊపింది. ఆమె తెలివితక్కువది కాదు. గోలీలే అయి ఉండవచ్చని తనకూ తోచింది. అప్పటినుంచే ఆమెకు నెమ్మది లేకుండా పోయింది. గోలీలే అయితే పిల్లను తను మళ్ళీ నాదనుకోవచ్చు. అమ్మకమే అయితే అనుకోకూడదు. ఏదో తేల్చుకోవాలంటే ఒక్కటే దారి, గోలీలు వేస్తూనే ఒకసారి నా బిడ్డ అని పైకి అని చూడటం. మాట తప్పయితే పోయేది పిల్ల. అందుకని అనకుండా ఉండిపోయింది. పిల్ల మాత్రం "రూతమ్మవ్వ గిట్ల చెప్పింది, గట్ల చెప్పింది" అంటూ ఇల్లంతా తిరిగేది.

పరీక్ష అయిన రోజున పెద్దలంతా రావాలని పంతులు కబురు పెట్టాడు. ఆ రోజు రూతమ్మ దవాఖానలో ఒక కాన్పు దగ్గర ఇరుక్కుపోయింది. లక్ష్మీనర్సమ్మ చాలాసేపు తటపటాయించి, చివరికి వెళ్ళి వెనక గోడ పక్కన నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి పుస్తకంలో పంక్తి చదువుతున్నారు. పెంటమ్మ లేచి వేలు పెట్టి చదివింది. ఎక్కడా ఆగలేదు. అక్షరాల మధ్య ఖాళీలు పూడుకున్నాయి.

"ఈ అమ్మాయి తరఫున ఎవరొచ్చారు?" అని పంతులు అలవాటుగా అడిగాడు.

లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచింది. పిల్ల వెనక్కి తిరిగి ఆమెను చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుని, "మా అమ్మ రాలేదు. దవాఖానకు పోయింది" అన్నది.

పంతులు గోడ వైపు చూశాడు. తర్వాతి పేరు పిలిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల నాలుగడుగుల ముందు నడిచింది. దారిలో ఎవరూ లేనిచోట ఆగింది.

"నువ్వొచ్చినవు గదమ్మా. నాకు జరమొస్తదా?"

"రాదు."

"నువ్వు దగ్గరికొస్తెనే వస్తది గద?"

ఆ మాట తను పిల్లకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదని ఇప్పుడు తెలిసింది. దువ్వెన పట్టిన చెయ్యి మధ్యలో ఆగిపోవడం, పిలవబోయి పెదవి కరుచుకోవడం, పొద్దున్నే పొయ్యి దగ్గరికి తప్పుకోవడం, ఇవన్నీ పిల్ల రోజూ చూసింది. రూతమ్మ ఒకటి మింగించింది, తను ఇంకొకటి మింగించింది. బడిలో పిల్ల తల్లిని కాపాడిందో, తల్లి నుంచి తనను తాను కాపాడుకుందో ఆమెకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ రాలేదు. గరిడేపల్లిలో పోయిన ఇద్దరూ చివరిదాకా తన ఒళ్ళోనే ఉన్నారు. వాళ్ళకు తనంటే భయం లేదు. ఈ పిల్ల బతికి ఉండి భయపడుతోంది.

పొద్దున రూతమ్మ వచ్చి, "నా పిల్ల తయారైందా?" అని పిలిచింది.

లక్ష్మీనర్సమ్మ వాకిట్లోకి వచ్చింది. "ఇగ నేనే తోలుకపోత."

"ఇయ్యాలనా?"

"రోజూ."

రూతమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "అట్లయితె నా తవుడు నాకియ్యి" అన్నది. నవ్వుతాలకే అన్నది, నవ్వు మాత్రం సగంలో ఆగింది.

లక్ష్మీనర్సమ్మ లోపలికి పోయి ఎడ్ల కుడితికి ఉంచిన తవుడు చాట నిండా పోసుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, "లోపలికి రా రూతమ్మా, జర కూసో" అన్నది.

"ఇగ ఇప్పుడెందుకు, బేరం ఖతమాయె."

రూతమ్మ కొంగు పట్టింది. తవుడు పోస్తుంటే కొంత కింద రాలింది, కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. పెంటమ్మ పలక పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఇదంతా చూసింది. రూతమ్మ కొంగు ముడి వేసుకుని, బొడ్లోంచి గోలీల పొట్లం తీసి లక్ష్మీనర్సమ్మ చేతిలో పెట్టింది.

"జరం లేదని ఆపకు. ఏడిస్తె ముక్కు పట్టు. నేనొచ్చి అడుగుత."

"ఇంకా నువ్వే అడుగుతవా?"

"కొన్నదాన్ని గాదు గాని, దవాఖానదాన్నే గద."

ఆమె పోయాక లక్ష్మీనర్సమ్మ పొట్లం విప్పింది. పిల్ల ముక్కు పట్టుకోబోతే, పిల్ల తనే నోరు తెరిచింది. గొంతు కదిలేదాకా చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలు ఆపి చూశారు. ఆమె ఆగి, "నా బిడ్డను బడికి తోలుకపోతున్న" అన్నది. ఎవరూ అడగలేదు.

పిల్ల చెయ్యి ఆమె చేతిలో వెచ్చగా ఉంది. ఎండకో, నడకకో, ఇంకొకదానికో. మధ్యాహ్నం దాకా తెలియదు. ఆమె చెయ్యి వదలకుండా మెట్ట ఎక్కింది.