నా వంతు వరకే

ఈ దేశంలో ఇప్పుడు పెళ్ళిళ్ళు ఎవరూ చేసుకోవడం లేదు, పుట్టినరోజుల ఊసే లేదు. ఉన్నవల్లా వీడ్కోలు విందులే. డబ్బుకు విలువ పోయి, బ్యాంకులు తలుపులు మూసుకున్నాక, కాస్తో కూస్తో పలుకుబడి ఉన్న ప్రతివాడూ విమానం ఎక్కేస్తున్నాడు. ఎక్కే ముందు నలుగురినీ పిలిచి కేకు కోస్తాడు. ఆ కేకు పక్కన నిలబడి హుషారుగా వాయించడమే నాకూ, మా తమ్ముడికీ మిగిలిన బతుకుతెరువు. నాది వయొలిన్, వాడిది గిటార్.

వాయిస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంటుంది. దేశాన్ని నిలువునా ముంచిన మంత్రులు టీవీలో కూర్చుని మమ్మల్ని ఓపిక పట్టమంటారు. షాపులో వయొలిన్ తీగ దొరకదు. తెగినదానికే ముడేసి వాయిస్తున్నాను. ఇంకేం ఓపిక పట్టాలి, నా మొహం!

ఈ మధ్యే నాకూ విదేశం నుంచి కబురొచ్చింది. పెద్ద హోటల్లో సాయంత్రాలు వయొలిన్ వాయించాలి, ఉండడానికి గది కూడా వాళ్ళే ఇస్తారు. "మా తమ్ముడు కూడా..." అని ఏజెంటుకు ఫోన్లో చెప్పబోయాను.

"గిటార్ వాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా. మీరొక్కరైతేనే," అన్నాడు.

ఇవాళ పొద్దున వద్దని చెప్పేశాను. మధ్యాహ్నానికల్లా ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారట. పోతే పోయిందనుకున్నాను. అమ్మ పోయాక వాడికి నేనే దిక్కు. వాణ్ణి గాలికొదిలేసి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. బాధపడతాడని వాడికి ఆ మాటే చెప్పలేదు.

సాయంత్రం ఒక అపార్టుమెంటు డాబా మీద విందు. బుకింగ్ అంతా మా మేనేజరే చూస్తాడు, ఎవరి విందో నేనడగను. కరెంటు లేక లిఫ్టు ఆగిపోయింది. వయొలిన్ పెట్టె మోసుకుంటూ, రొప్పుతూ పైకెక్కేసరికి తమ్ముడు ముందే వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు వేసుకున్నాడు. చేతిలో గిటార్ లేదు. పిట్టగోడకు కట్టిన బ్యానరు మీద వాడి ఫొటో, దాని కింద 'శుభప్రయాణం' అని రాసి ఉంది.

"ఏంట్రా ఇది?"

వాడు నీళ్ళు నమిలాడు. "చెబుదామనే అనుకున్నానక్కా. నోరు రాలేదు. ఎల్లుండే ఫ్లైటు. ఫ్రెండ్స్ నన్నడక్కుండానే మన మేనేజర్‌కి ఫోన్ చేసేశారు."

"గిటార్ ఏదీ?"

"టికెట్ కోసం అమ్మేశాను. అక్కడ గోడౌన్లో పని. కుదురుకోగానే నిన్ను పిలిపించుకుంటాలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు పిలిపించేదేంట్రా నన్ను? నాకే ఉద్యోగం వచ్చింది. నిన్నొదిలి వెళ్ళలేక పొద్దునే వద్దని చెప్పాను!"

వాడి మొహం పాలిపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఇంతలో వాడి స్నేహితుడొకడు కేకు కత్తి పట్టుకుని వచ్చాడు. "మొదలుపెట్టండి మేడమ్, ఏదైనా మంచి హుషారైంది!"

పెట్టె తెరిచి, ఎప్పుడూ వాయించే పాటే అందుకున్నాను. అందులో అసలు వరస గిటార్‌ది. అది పలికాక మధ్యమధ్యలో వయొలిన్ జవాబిస్తుంది, అంతే. నా జవాబులు మాత్రమే వాయించాను. గిటార్ రావాల్సిన చోటల్లా కమాను పైకెత్తి, తమ్ముడి కళ్ళలోకి చూస్తూ ఆగాను. మళ్ళీ నా ముక్క వాయించి, మళ్ళీ ఆగాను.

జనం మొదట శ్రుతి చేసుకుంటున్నాననుకున్నారు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. "పాటేదమ్మా?" అని ఎవరో పెద్దాయన విసుక్కున్నాడు. తమ్ముడి ఎడమచేతి వేళ్ళు మాత్రం ప్యాంటు మీద వాటంతటవే కదులుతున్నాయి. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలగలేదు.

"ఆపక్కా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు దగ్గరకొచ్చి.

"ఎందుకాపాలి? అడ్వాన్సు ఇద్దరికీ ఇచ్చారు. నా వంతు నేను వాయిస్తున్నాను," అని మళ్ళీ కమాను ఎత్తాను.