నా రక్తంలో ఆల్ఫా గారు

నాలుగో నెల నడుస్తున్న రోజుల్లో నాకు నిలబడి నిద్రపోవడం అలవాటైంది. నవ్వకండి. మా లాండ్రీలో ఆ పెద్ద ఇస్త్రీ మిషను ముందు కాసేపు నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. చుట్టూ ఆవిరి, చెవుల్లో రోలర్ల గుయ్యిమనే మోత, చేతుల్లో వెచ్చటి తెల్ల దుప్పటి. అటు కొసలు రెండూ మా వదిన పట్టుకుంటుంది, ఇటు కొసలు నేను. మడత వెయ్యడానికి ఆవిడ నా వైపు నడిచొచ్చేలోపు నాకొక కునుకు పూర్తయ్యేది.

"అమ్మాయ్, దుప్పటి జారుతోంది," అనేది వదిన. "అది పుట్టాక నువ్వు జోకొట్టాలి గానీ, ఇప్పట్నుంచే అది నిన్ను జోకొడుతోందేంటి?"

వదినంటే మా ఆయన అక్క. లాండ్రీ ఆవిడదే. ఊళ్లో ఆసుపత్రులన్నిటి దుప్పట్లూ గౌన్లూ మేమే ఉతుకుతాం. మా ఆయన వ్యాన్లో మూటలు తెస్తాడు, ఉతికినవి మళ్లీ చేరుస్తాడు. రోజూ అన్నేసి మరకలు చూసేదాన్ని కాబట్టి నాకు ఆసుపత్రి పేరెత్తితేనే ఒళ్లు మంట. కడుపుతో ఉన్నానని తెలిశాక కూడా గడప తొక్కలేదు. "హాయిగా ఉన్నదాన్ని డాక్టరెందుకు?" అని ఒంటికాలి మీద లేచేదాన్ని. నా నోటికి జడిసి మా ఆయన ఊరుకునేవాడు. మూడు నెలలు నిండాక వదిన చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్తే వెళ్లాను. స్కాన్‌లో గుండె టకటకా కొట్టుకోవడం చూపించి, బిడ్డ బాగుందన్నారు. ఇంకొన్ని వారాలాగి రమ్మని, అప్పుడు రక్తం తీసుకున్నారు.

ఆ రక్తంలోంచి దిగాడు మహానుభావుడు. ఆల్ఫా ఫీటో ప్రోటీన్ అట. మాకెవరికీ నోరు తిరగలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "ఇది నీలో తయారయ్యేది కాదమ్మా. బిడ్డ కాలేయంలో తయారవుతుంది. అందులో కొంచెం నీ రక్తంలోకి చేరుతుంది. కడుపుతో ఉన్న వాళ్లందరికీ చేరుతుంది. నీకు మాత్రం ఉండాల్సిన దానికి మూడు రెట్లు ఉంది."

"ఉంటే?"

"ఒక్కోసారి బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకోకపోతే అక్కణ్ణించి ఎక్కువగా బయటికొస్తుంది. అదే అయితే కాళ్లకి ఇబ్బంది ఉండొచ్చు. వేరే కారణాలూ ఉంటాయి, అసలే కారణమూ లేకపోవచ్చు. ఈ ఒక్కదాన్ని బట్టి ఏదీ తేల్చలేం. రెండు వారాలాగితే వీపు స్పష్టంగా కనిపిస్తుంది, అప్పుడు పెద్ద స్కాన్ చేద్దాం."

అయినా ఈ నోరు ఊరుకుంటుందా? "రెండు వారాలా! మరక పోతుందో పోదో మేం పూటలో చెప్పేస్తామండీ," అన్నాను. మా ఆయన నన్ను గబగబా బయటికి లాక్కొచ్చాడు.

వ్యాను ఎక్కాక ఆయనే అన్నాడు, "ఈ ఆల్ఫా గారికి మన మీద కోపం దేనికో." నన్ను నవ్వించాలనే అన్నాడు పాపం. నాకు నవ్వు రాలేదు గానీ, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఆ రెండు వారాలూ నేను ఎంత మేలుకున్నానో, ఎంత కలగన్నానో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. పగలంతా కళ్లు మూతలు పడేవి. ఇస్త్రీ మిషను మోత దూరంగా జరిగిపోయేది. ఆవిరిలోంచి చూస్తే మా లాండ్రీలో లేని గదులు కనిపించేవి. ఆరబెట్టే గది వెనక ఇంకో గది, దాని వెనక ఇంకోటి, అన్నిట్లోనూ పైనుంచి కింది దాకా తెల్ల దుప్పట్లే. ఎక్కడో కొళాయి సరిగ్గా కట్టలేదు, చుక్క పడుతోంది. అది కట్టేద్దామని ఒక్కో దుప్పటీ తప్పించుకుంటూ వెళ్లేదాన్ని. నేల వెచ్చగా, తడిగా ఉండేది. ఎంత నడిచినా ఆ చప్పుడు దగ్గరయ్యేది కాదు, దూరమయ్యేదీ కాదు.

కొన్నిసార్లు ఆల్ఫా గారే వచ్చేవాడు. మర్యాదస్తుడు. కౌంటరు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు, తల నుంచి పాదాల దాకా నీళ్లు కారుతూ. "ఏం కావాలయ్యా నీకు? వచ్చినవాడివి పనేంటో చెప్పు, లేదా దయచెయ్యి," అని అరిచేదాన్ని. అతను కిందికి చూసేవాడు. నోట్లోంచి ఒక్క మాట ఊడిపడేది కాదు. నాకు ఒళ్లు మండి ఇంకా గట్టిగా అరిస్తే, వదిన భుజం తట్టి లేపేది.

మెలకువలో ఉన్నప్పుడూ నా తిట్లు ఆగలేదు. తగ్గవయ్యా బాబూ, తగ్గి చావు, అని మణికట్టు దగ్గర కనిపించే నరాన్ని చూసి తిట్టేదాన్ని. మా ఆయనేమో గంటకోసారి నీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టేవాడు.

"ఎందుకిన్ని నీళ్లు?"

"సబ్బు ఎక్కువైతే ఏం చేస్తాం? నీళ్లు పడతాం. నీళ్లు తాగితే ఇదీ పలచబడుతుందేమో."

"నేనేమైనా తొట్టినా?" అన్నాను. అంటూనే తాగాను. తాగి తాగి, అటూ ఇటూ పరిగెత్తలేక నా పని అయిపోయింది. డాక్టరమ్మతో చెబితే ఏమనేదో గానీ, ఆ రోజుల్లో మాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఒక మధ్యాహ్నం దుప్పటి మడత పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయాను. "నాకు భయంగా ఉంది వదినా," అన్నాను. అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. "దాని వీపు బాగుండకపోతే? నడవలేకపోతే? నాకసలే ఓపిక తక్కువ. నా వల్ల అవుతుందా?"

వదిన తన చేతిలో కొసలు అలాగే పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మడత వెయ్యలేదు. ఆ వేడి దుప్పటి నా భుజాల చుట్టూ తిప్పి, గడ్డం కిందికి లాగి పట్టుకుంది. "నడవకపోతే ఎత్తుకుంటాం," అంది. "ముగ్గురం ఉన్నాం, రోజూ మూటలెత్తే చేతులు. నీకు ఓపిక లేనప్పుడు నాకివ్వు." ఆ దుప్పట్లో నేను ఏడుస్తూనే నిద్రపోయాను. ఎంతసేపు నిలబెట్టి పట్టుకుందో ఏమో, లేచేసరికి మిషన్లు ఆపేసి ఉన్నాయి.

స్కాన్ గదిలో దీపాలు ఆర్పారు. పొట్ట మీద చల్లగా జిగురేదో రాశారు. స్కాన్ చేసే డాక్టరు మితభాషి, మాటకింత అని లెక్కగట్టి వాడే రకం. తెర మీద అంతా బూడిదరంగు పొగ. పొగలోంచి ఒక చెయ్యొచ్చింది, పోయింది. మడమ వచ్చింది, పోయింది. మా ఆయన నా వేళ్లు నలిపేస్తున్నాడు.

"ఇదిగో వెన్ను," అన్నాడు డాక్టరు. తెల్లగా, సన్నగా, గుండుసూదులు వరసపెట్టి గుచ్చినట్టుంది. మెడ నుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి వెళ్లాడు. పక్క నుంచి చూశాడు, అడ్డంగా చూశాడు. "అంతా మూసుకునే ఉంది. లోపమేం లేదు. కాళ్లు చూడండి."

రెండు కాళ్లూ ఝాడించి తన్నుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన నవ్వాడు, ఏడ్చాడు, డాక్టరుకి దండం పెట్టాడు, "అక్కకి చెప్పొస్తా," అంటూ ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

నేనూ లేవబోయాను. "ఒక్క నిమిషం," అన్నాడు డాక్టరు. పొట్ట మీద ఆ పరికరాన్ని పక్కకి, బాగా పక్కకి జరిపాడు. తెర మీద ఓ మూల చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, "ఇక్కడ ఇంకొకరు ఉండేవారమ్మా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"కవలలు. ఒకరు పదో వారం, పదకొండో వారం దాకా పెరిగి ఆగిపోయారు. పెరుగుతున్న బిడ్డ పక్కన ఇలా అణిగిపోయారు." వేలు పెట్టి చూపించాడు. గర్భం గోడకి అంటుకుని, చిటికెన వేల్లో సగం కూడా లేదు. "మొదటి స్కాన్‌లో గుండె కొట్టుకుంటున్న బిడ్డనే చూసుంటారు. మీ రక్తంలో ఆ ప్రోటీన్ అంత ఉంది కదా, అందుకు కారణం ఇదే అనుకుంటాను. ఆ ఎక్కువైనదంతా ఈ రెండో బిడ్డది."

"పోయాక కూడానా?"

"పోయాక కూడా కొన్ని వారాలు తల్లి రక్తంలోకి వస్తుంది. తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. మీకూ, ఈ బిడ్డకీ ఏం భయం లేదు."

నేను ఆ మూలనే చూస్తున్నాను. ఇన్ని కలలొచ్చాయి, ఒక్క కల్లోనైనా నువ్వున్నావని నాకెందుకు తెలియలేదు? నా కడుపులోనే ఉండి, నా కడుపులోనే పోతే, నాకు కదా ముందు తెలియాల్సింది? నా మీద నాకే పట్టరాని కోపమొచ్చింది. డాక్టరు దీపాలు వెంటనే వెయ్యలేదు. ఆ ఒక్క పనికి ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

వ్యాన్లో మా ఆయన మాటల వరద. అక్క ఏడ్చిందంట, లాండ్రీకి సెలవిచ్చేసిందంట, వీపు గురించి మూడుసార్లు చెప్పించుకుందంట. "వచ్చే నెల మళ్లీ రక్తం ఇద్దామే," అన్నాడు. "ఆల్ఫా గారు దారికొచ్చాడని కాగితం మీద చూస్తే గానీ నాకు తృప్తిగా ఉండదు."

"వద్దు," అన్నాను.

"సూదికి భయమా, నీకా?" అని నవ్వాడు.

అప్పుడు చెప్పాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట కలపకుండా. మధ్యలోనే వ్యాను రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. పక్కనుంచి బళ్లు పోతున్నాయి.

"పదో వారమంటే," అన్నాడు చివరికి, "మనం గోడలకి రంగులేసుకున్నప్పుడా?"

"ఆ. అటూ ఇటూగా."

"నిచ్చెనెక్కి పాటలు కూడా పాడానే నేను." స్టీరింగు మీద తల ఆనించేశాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"పాడావు," అన్నాను. "నేనూ కలిపి పాడాను."

మొహం తుడుచుకున్నాడు. నా వైపు తిరిగాడు. "అయితే ఇంకా ఉందా? నీ రక్తంలో?"

"ఉందట. ఇంకొన్ని వారాలు. తర్వాత తగ్గిపోతుందట." ఆ మాట అనగానే నాకు దుఃఖం ఆగలేదు. రెండు వారాలు దాన్నే తగ్గి చావమన్నాను, కన్నతల్లినై ఉండి.

మా ఆయన నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. మోచేతి మడతలో, రక్తం తీసిన చోట అరచెయ్యి వేసి, మెల్లగా అన్నాడు, "తొందరేం లేదు నాన్నా. ఉండగలిగినన్ని రోజులు ఉండు."