మా పైపు

ప్రహరీగోడకు లోపలున్నది మాది కాదన్న మున్సిపాలిటీ ఇంజనీరుగారూ, గోడ దాటితే నాకు సంబంధం లేదన్న ఓనరుగారూ, మా ముసలమ్మను చంపింది మీరిద్దరే. గోడ కింద ఉన్నది ఎవరిదో ఇద్దరూ చెప్పలేదు.

మురుగు పైపు పూడింది సరిగ్గా అక్కడే. వెదురుబద్ద దింపి చూశాం. గోడ కిందే తగిలి ఆగింది. వరసగా ఉన్న మా అద్దెగదుల్లో దర్జీ గది పల్లంలో ఉంది. అందరి మురుగూ అక్కడే పైకి తన్నింది. మంచాన పడిన తల్లిని ఎక్కడికీ తీసుకుపోలేక అతను మంచంకోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. నీళ్లు పెరిగే కొద్దీ ఇటుకలు పెంచాడు.

"ఇంకాస్త లేపావంటే తిన్నగా పైకే పోతాన్రా," అనేది ముసలమ్మ.

అందరం కలిసి మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాం. ఏ పైపు అని అడిగాడు ఇంజనీరు. ఇస్త్రీ వదిన ఉన్నమాట చెప్పింది.

"మా పైపండీ."

"మీదని మీరే అంటున్నారుగా. మీరే బాగుచేయించుకోండి."

మా వీధి, మా బస్సు, మా ఆస్పత్రి అంటాం. నోటికున్న అలవాటు. దాన్నే మా మెడకు చుట్టాడు. మా మంత్రిగారు అని కూడా అంటాం, ఆయన్నీ మేమే కడగాలా అని గొణిగాడు ఆటో బావ. నవ్వుకుంటూ తిరిగొచ్చాం. అంతకుమించి ఏం చేతనైంది? మేమే తవ్వబోతే, గోడకు పగులొస్తే జైలేనని ఓనరు కిటికీలోంచి బెదిరించాడు. పారలు కింద పెట్టేశాం.

ముసలమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ మురుగు మధ్యే కన్నుమూసింది.

మంచం అలాగే ఎత్తి ఆఫీసు వాకిట్లో దించాం. ఇంజనీరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఈమె ఎవరి తాలూకు?"

దర్జీ తల్లి ముఖం మీద ఈగలు తోలుతున్నాడు.

"మా అమ్మ," అంది ఇస్త్రీ వదిన.

"మా అమ్మే," అన్నాడు ఆటో బావ.

ఆఫీసు ఊడ్చే మనిషి చీపురు గోడకానించి మా పక్కకొచ్చి నిలబడింది. ఆమె నోటా అదే మాట.

ఇంజనీరు ఫోను చేస్తే పోలీసులొచ్చి, ఆఫీసు ముందు శవం పెట్టించాడని దర్జీని వ్యాను ఎక్కించారు. తల్లిని సాగనంపేదాకా ఆగమన్నాం. ఆగలేదు. ఆమెను మేమే సాగనంపాం. మురుగు మాత్రం ఆ గదిలో అలాగే నిలిచి ఉంది.

కార్మికులారా, విద్యార్థులారా, మీ గోడ కిందా ఒక పైపు ఉంది. పారలు పట్టుకుని రండి. ఈసారి కింద పెట్టొద్దు.

ఇంజనీరూ, ఓనరూ, ఎవరిదో తర్వాత తేల్చుకోండి. దర్జీని వదలండి. ఆ గోడ కింద ఈ పూటే తవ్వండి.