గోడకు మూడు కర్రలు

ఉదయగిరి దుర్గం మీదికి కొయ్యకో, మేకలకో, చీపురుగడ్డికో వెళ్లేవాళ్లు కొండ మొదట్లో ఒక చేతికర్ర వదిలి వెళ్తారు. మెట్లదారి పక్కన పాత కోటగోడ నడుమెత్తున మిగిలి ఉంది. ఎక్కేముందు కర్రను ఆ గోడకు ఆనిస్తారు. దిగాక తీసుకుని ఇంటికి పోతారు. ఒక్కో ఇంటి కర్రకు ఒక్కో గుర్తు. పొద్దుగూకే వేళకు గోడకు కర్ర మిగిలితే మనిషి ఇంకా కొండ మీదే ఉన్నట్టు. అప్పుడు వీధిలో నలుగురు టార్చిలైట్లు తీసుకుని బయల్దేరతారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా మానలేదు. మొదటి మలుపు దాటితే సిగ్నల్ ఉండదు.

సాయంత్రం గోడ చూసే పని కొండ కింది వీధిలో చివరి ఇంటిది. ఆ ఇల్లు గుల్షన్‌ది. ఆమెకు ముందు వాళ్లమ్మ చూసేది. గుల్షన్ పొద్దున నుంచి సాయంత్రం దాకా గుమ్మం పక్కన కూర్చుని కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతుంది. సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజా వినిపించగానే ఉలి కింద పెట్టి, ఒళ్లో పొట్టు దులుపుకుని, గోడ దాకా నడిచి చూసి వస్తుంది. పద్నాలుగేళ్లలో ఐదుసార్లు కర్ర మిగిలింది. ఐదుసార్లూ మనిషిని ప్రాణాలతో దించారు.

ఆమెకు కావలసిన కొయ్య తెచ్చేది తండ్రి అల్లావుద్దీన్. ఆయనకు అరవై ఏడేళ్లు. భర్త షఫీక్ ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. శని, ఆదివారాల్లో నెల్లూరు నుంచి వచ్చే ట్రెక్కింగ్ జట్లకు దారి చూపిస్తాడు.

నవంబర్ రెండో శనివారం పొద్దున తండ్రీకూతుళ్లకు మాటామాటా అయింది.

"మొన్ననే గదా కళ్లు తిరుగుతా ఉండాయంటివి?" అంది గుల్షన్.

"అది మొన్న."

"నర్ది కొయ్య వారానికి సరిపడా ఉండాది. ఇప్పుడెవరి కోసం ఎక్కుతావు?"

"బిక్కి కొయ్య అయిపోయింది. ఫోర్కులు దేంతో చేస్తావు, నీ నోటితోనా?"

"ఎక్కు. ఎక్కితే మాత్రం ఇంటికి రాబాకు."

అల్లావుద్దీన్ నవ్వాడు. మచ్చుకత్తి నడుముకు దోపుకున్నాడు. "సరేలే. ఏఎస్ పేట దర్గాలో అన్నం పెడతారు," అంటూ కర్ర అందుకున్నాడు.

ఆయన అలా అంటే ఉత్తమాట కాదు. అంతకు ముందు రెండుసార్లు కూతురితో పోట్లాడి ఏఎస్ పేట బస్సెక్కాడు. ఒకసారి మూడు రోజులు, ఒకసారి ఐదు రోజులు దర్గాలో ఉండి వచ్చాడు. ఫోన్ తీసుకుపోడు. ఆయన ఫోన్ ఎప్పుడూ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది.

పొద్దున ఆరున్నరకు గుల్షన్ గోడ వైపు చూసింది. మూడు కర్రలున్నాయి. నల్లరంగు పూసింది మేకల చెంచులక్ష్మిది. రాగితీగ చుట్టింది చీపురుగడ్డి కోసే వెంకటరమణది. తల దగ్గర రెండు గాట్లు పెట్టి, దర్గా పచ్చదారం కట్టింది అల్లావుద్దీన్‌ది.

ఏడు గంటలకు నెల్లూరు జట్టు వచ్చింది. ఐదుగురు. వాళ్లను కూడగట్టుకు వచ్చినవాడు సాయికిరణ్. షఫీక్ వాళ్లను గోడ దగ్గర నిలబెట్టి, ఆటోలో మరిచిన నీళ్ల క్యాన్ కోసం వెనక్కి పోయాడు. ఆ పది నిమిషాలు గోడ దగ్గర వాళ్లే ఉన్నారు. గుల్షన్ లోపల ఫోర్కు పళ్లకు ఆకురాయి పడుతోంది. బయటికి చూడలేదు.

మధ్యాహ్నం రెండున్నరకు జట్టు దిగింది. వాళ్లు పన్నెండు గరిటెలు కొనుక్కుని వెళ్లిపోయారు.

సాయంత్రం అజా అయ్యాక గుల్షన్ గోడ దగ్గరికి పోయింది. కర్రలు లేవు. చెంచులక్ష్మి మేకలతో దిగడం ఆమె చూసింది. వెంకటరమణ గడ్డిమోపుతో దిగడమూ చూసింది. తండ్రి దిగడం చూడలేదు. కానీ కర్ర లేదు. కర్ర లేకపోతే మనిషి దిగినట్టే. ఆమె ఇంట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది.

తిండి వేళకు తండ్రి రాలేదు.

"అన్నంత పనీ చేసినాడు, చూడు," అంది షఫీక్‌తో.

"నువ్వు రాబాకంటివి, ఆయన రాలా. ఇందులో ఆయన తప్పేముండాది?"

"నువ్వు ఆయన పక్షమే."

"నాకు కూడు పెట్టేది నువ్వే గదమే, నీ పక్షమే. రేపు అక్రంకు ఫోన్ చేద్దాం."

అక్రం షఫీక్ పినతల్లి కొడుకు. ఏఎస్ పేటలో దర్గా దారిలో చాదర్లు, పూలు అమ్ముతాడు. ఆదివారం పది గంటలకు గుల్షన్ ఫోన్ చేస్తే గిరాకీ మధ్యలో ఎత్తాడు.

"కంటబడలేదు వదినా. ఈ జనంలో మా నాయన ఎదురొచ్చినా గుర్తుపట్టను. ఉండే ఉంటాడు, ఇంకెక్కడికి పోతాడు? రాత్రి చూసి చెప్తాను."

రాత్రి అతను ఫోన్ చేయలేదు.

ఆ సాయంత్రమే చెంచులక్ష్మి మేకలు తోలుకుని దిగుతూ గుల్షన్ గుమ్మం దగ్గర నీళ్లకు ఆగింది. చెంబెత్తి తాగి మూతి తుడుచుకుంది.

"ఏందో పాపా, నిన్నటి నుంచి మేకలు దక్షిణం పక్క వంకలోకి దిగడం లా. ఆడ మేత బాగుండాది. తరిమినా బెదిరి వెనక్కొస్తా ఉండాయి. కుక్క అంచున నిలబడి ఒకటే మొరుగుడు."

"ఎలుగుబంటి దిగిందేమో."

"అదే అనుకున్నా. మీ అబ్బకు చెప్పు, ఆ పక్కకు పోవద్దని."

"చెప్తాలే," అంది గుల్షన్. చెంబు తీసుకుని లోపలికి పోయింది.

సోమవారం ఎనిమిదిన్నరకు షఫీక్ ఆత్మకూరు ట్రిప్పు వేసి వచ్చి టిఫిన్‌కు కూర్చున్నాడు. నెల్లూరు జట్టు ఫోటోలు వచ్చాయంటూ ఫోన్ గుల్షన్‌కు ఇచ్చాడు. నలభై రెండు ఫోటోలు, ఒక వీడియో. ఆమె నిలబడే చూసింది. మెట్లదారి. మూడో బురుజు. కొండ మీది పాత మసీదు. శిఖరం నుంచి ఉదయగిరి ఇళ్లు, ఆ తర్వాత పొలాలు, దక్షిణాన నీళ్ల గీత. అది సోమశిల జలాశయం అని షఫీక్ అందరికీ చెబుతాడు. సోమశిలో, మధ్యలో మరో చెరువో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

ఇరవై ఆరో ఫోటోలో కరుణశ్రీ అనే అమ్మాయి శిఖరం బండ మీద రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. కుడిచేతిలో కర్ర ఉంది. కర్ర తల దగ్గర రెండు గాట్లు. పచ్చదారం.

గుల్షన్ ఫోటోను పెద్దది చేసింది. మళ్లీ చేసింది.

"ఈ కర్ర ఎక్కడిది?"

షఫీక్ చూశాడు. దోసె ముక్క చేతిలోనే ఉంది.

"ఆ అమ్మాయికి మోకాలి నొప్పి. చేతిలో కర్ర చూసినాను. దారిలో ఏరుకున్నదనుకున్నా. ఆమె అందరి కంటే వెనక వస్తా ఉండె." దోసె ముక్క ప్లేటులో పెట్టాడు. "చేత్తో తల పట్టుకోనుండె. గాట్లు కనపడలా."

"దిగేటప్పుడు?"

"చేతిలో లేదు. పైనే వదిలేసినట్టుండాది."

అతను సాయికిరణ్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. సాయికిరణ్ ఆఫీసులో ఉన్నాడు. "గోడకు పెట్టిన కర్రలా అన్నా? ట్రెక్కర్లకు పెట్టారనుకున్నాం. తిరుపతి వైపు అలానే ఇస్తారు. ఏం, డబ్బులు కట్టాలా?"

షఫీక్ ఫోన్ పెట్టేశాడు. గుల్షన్ అప్పటికే వీడియో తెరిచింది.

వీడియో ముప్పై ఎనిమిది సెకన్లుంది. శనివారం పదకొండుంబావుకు తీసింది. ఫోన్ మెల్లగా కుడికి తిరుగుతూ కొండలు చూపిస్తుంది. గాలి చప్పుడు. ఎవరో నవ్వారు. తర్వాత కింద ఎక్కడి నుంచో టక్, టక్, టక్. ఆగింది. మళ్లీ మూడు. ఆగింది.

"ఆ సౌండ్ ఏంటి?" అంది వీడియోలో ఒక ఆడగొంతు.

"మావాళ్లే మేడమ్. కొయ్యకు వస్తా ఉంటారు," అంది షఫీక్ గొంతు.

"సూపర్. మాట్లాడకండి, రికార్డవుతోంది," అన్నాడు సాయికిరణ్.

మళ్లీ మూడు దెబ్బలు. వీడియో అయిపోయింది.

కొయ్య కొట్టే చప్పుడు అలా ఉండదు. కొట్టేవాడు మూడేసి లెక్కపెట్టి ఆపడు. ఆ సంగతి గుల్షన్‌కూ తెలుసు, షఫీక్‌కూ తెలుసు. అతను ప్లేటు పక్కకు జరిపాడు. ఆమె అతని గొంతు వచ్చిన చోటు ఇంకోసారి పెట్టి విన్నది. తర్వాత మేకలు దిగనన్న వంక గుర్తొచ్చింది.

తొమ్మిదిన్నరకు నలుగురు బయల్దేరారు. గుల్షన్, షఫీక్, వెంకటరమణ, చెంచులక్ష్మి. రెండు వెదురు గడలు, ఒక దుప్పటి, తాడు, నీళ్లు పట్టుకున్నారు. 108 బండిని మెట్ల దగ్గర ఉంచమని షఫీక్ ఫోన్ చేశాడు. శనివారం పొద్దున నుంచి అప్పటికి యాభై గంటలు.

మెట్లదారి మొదటి మలుపు దాకా బాగుంటుంది. ఆ తర్వాత మెట్లు విరిగిపోయాయి. రాళ్ల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని ఎక్కాలి. శుక్రవారం పడిన వానకు రాళ్ల మీద పాచి ఇంకా ఆరలేదు. వెంకటరమణ ముందు నడిచి, ప్రతి మలుపులో నోటికి చేతులు అడ్డుపెట్టి కూత వేశాడు. కొండ మీద మనిషి ఉంటే తిరిగి కూత వేయాలి. మూడో బురుజు దాకా తొమ్మిది కూతలు వేశాడు. ఒక్కదానికీ బదులు రాలేదు.

"గాలి మనకు ఎదురుగా ఉండాది," అన్నాడు. గాలి లేదు.

పన్నెండున్నరకు శిఖరం చేరారు. కర్ర మసీదు గోడ పక్కన పడి ఉంది. షఫీక్ వంగి తీసుకున్నాడు. ఏం చేయాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆడనే పారెయ్," అంది గుల్షన్. "చేతులు ఖాళీగా ఉండాల."

వీడియో తీసిన బండ మీద నిలబడి విన్నారు. కింద ఊళ్లో ఏదో బండి హారన్ వినిపించింది. వంక మీద నాలుగు కాకులు తిరుగుతున్నాయి. కొంచెంసేపటికి ఏడయ్యాయి. చెంచులక్ష్మి వాటిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు, చెంచక్కా," అంది గుల్షన్.

"ఏం చెప్పను పాపా? కాకులు నీళ్లకు కూడా వస్తాయి."

వంకలోకి దారి లేదు. తాడును చెట్టుకు కట్టి, పట్టుకుని దిగారు. యాభై అడుగులు దిగాక కొయ్యమోపు కనిపించింది. బిక్కి కొమ్మలు, ఒకే పొడవున నరికి, రెండు చోట్ల తీగతో బిగించి ఉన్నాయి. ముడి సడల్లేదు. దాని పక్కన పాచి మీద మనిషి జారిన చార ఉంది. చార బండ అంచు దాకా పోయింది.

గుల్షన్ ఒక రాయి తీసుకుని బండ మీద మూడుసార్లు కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. నాలుగోసారి కొట్టాక కింద నుంచి చప్పుడు వచ్చింది. ఒక్కటే. ఆ తర్వాత రాలేదు.

అల్లావుద్దీన్ బండ అంచుకు ఇరవై అడుగుల కింద, రాతిచూరు నీడలో వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద పక్కకు తిరిగింది. తువ్వాలుతో తనే రెండు పుల్లలు పెట్టి కట్టుకున్నాడు. కాలు తొడ దాకా నల్లబడింది. ఈగలు ఉన్నాయి. చేతికి అందేంత దూరంలో రాతిగుంటలో వాననీళ్లు అడుగంటాయి. మచ్చుకత్తి పిడి చివర చితికిపోయింది.

పాకుతూ పోవడానికి ఆయన ప్రయత్నించలేదు. చుట్టూ మట్టిలో ఈడ్చుకున్న గుర్తులు లేవు. నీడ, నీళ్లు ఉన్న చోటు చూసుకుని అక్కడే ఉన్నాడు. ఆయన లెక్కలో కర్ర గోడకు ఉంది, సాయంత్రం కూతురు చూస్తుంది, మనుషులు వస్తారు. ఇన్నేళ్లలో రాకుండా ఉన్నది లేదు.

"అబ్బా," అని తండ్రిని పిలిచింది గుల్షన్.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు ఆమె మీద ఆగింది, దాటింది, పైన తాడు వేలాడే వైపు పోయింది.

"ఎవరమ్మా?"

"నేను. గుల్షన్‌ని."

"గుల్షన్ వస్తాది," అన్నాడు. పెదవులు పగిలి మాట ముక్కలుగా వచ్చింది. "చీకటి పడకముందే గోడ చూస్తాది. మీరు పోండమ్మా."

వెంకటరమణ ముఖం తిప్పుకున్నాడు. షఫీక్ గడలకు దుప్పటి ముడివేయడం మొదలుపెట్టాడు. మొదటి ముడి జారిపోయింది. రెండోసారి వేశాడు. చెంచులక్ష్మి కొంగును నీళ్లతో తడిపి ముసలాయన పెదవులకు అద్దింది. ఒళ్లు కాలిపోతోందని గుల్షన్‌కు సైగ చేసింది.

మగవాళ్లిద్దరూ చంకల కింద చేతులు వేసి లేపబోయారు. అల్లావుద్దీన్ కేక పెట్టాడు. కాలి నొప్పికి అనుకుని ఆగారు. నొప్పికి కాదు. ఆయన కుడిచెయ్యి వెనక్కి పోయి బండ పగులులో వేళ్లు దూర్చి పట్టుకుంది.

"నన్ను కదిలించబాకండి. బిడ్డ వచ్చి చూసి, ఈడ లేడనుకుంటే? ఈ కొండంతా తిరుగుతాది. ఒక్కతే తిరుగుతాది."

"మామా, గుల్షన్ నీ ముందరే ఉండాది," అన్నాడు షఫీక్.

"నువ్వెవర్రా?"

పైన కాకులు బండ అంచు మీద వాలాయి.

తను ఎవరో గుల్షన్ మళ్లీ చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకుని, పగులులోంచి వేళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. రెండు రోజులు అన్నం లేని మనిషికి అంత బలం ఎక్కడిదో తెలియలేదు. ఆమె మూడో వేలు విప్పేసరికి మొదటి వేలు మళ్లీ బండను పట్టుకుంది.